దొరకారు మీద లక్కముద్ర

నరసరావుపేట బజారులో ఏ వస్తువు చెడిపోయినా "జానీ చెయ్యి పడిందా ఏంది?" అనడం ఒక అలవాటు. మిక్సీ తిరక్కపోయినా అదే మాట, బోరు మోటారు కాలినా అదే మాట. అనేవాళ్ళలో ముప్పాతికమందికి ఆ జానీ ఎవరో తెలియదు. పెద్దవాళ్ళు అంటుంటే విన్నారు, నోటికి పట్టింది, అంటారు. మెకానిక్ ఇమాం సాహెబుకు మాత్రం తెలుసు. జానీ ఆయన కన్నతండ్రి.

ఇమాం సాహెబు షెడ్డు సత్తెనపల్లి రోడ్డులో ఉంది. యాభై ఆరేళ్ళ మనిషి. జీపు అయినా ట్రాక్టరు అయినా, పని పూర్తికాని భాగానికి ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టనిదే అన్నానికి లేవడు. పని సగంలో ఉంది, ఎవరూ స్టార్టు చేయొద్దు అని ఆ గుడ్డకు అర్థం. చిన్నప్పుడు తండ్రి దగ్గర చూసి నేర్చుకున్న పద్ధతి అది. అంత జాగ్రత్త గల మనిషి కూడా, ఎదుట నిలబడి ఎవరైనా ఆ జానీ మాట అంటే స్పానరు పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. అన్నవాడి మీద కోపం వచ్చేది. దానితోపాటు సిగ్గూ వేసేది. ఎందుకంటే, తండ్రి నిజంగా ఆ తప్పు చేశాడో లేదో ఆయనకూ తెలియదు.

ఆ తప్పేమిటో చెప్పాలంటే ముందు దొరకారు గురించి చెప్పాలి. మిరపకాయల వ్యాపారి బాలకోటయ్య గోడౌనులో ఒక పాత ఇంగ్లీషు కారు ఉంది. కంపెనీ పేరు సరిగ్గా పలకడం ఎవరికీ రాదు కనుక ఊరంతా దొరకారు అనేస్తారు. బాలకోటయ్య తండ్రి దాన్ని ఎప్పుడో మద్రాసులో కొని తెచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దషావుకారు అనేవారు. ఇక ఆ కారు మీద పుట్టిన కథలకు లెక్కలేదు. గవర్నరు దొర అందులో కూర్చుని కొండవీడు కొండ మీదికి వేటకు పోయాడన్నారు. ఆ రోజుల్లో కొండ మీదికి కాలిబాటే గాని కారు పోయే దారి లేదన్న సంగతి ఎవరికీ అడ్డం రాలేదు. ఇంజను నడుస్తుండగా బానెట్ మీద రూపాయి బిళ్ళ నిలబెడితే పడదన్నారు. ముందున్న పక్షిబొమ్మ నిఖార్సైన వెండి అన్నారు. దాన్ని పీకబోయిన దొంగకు చెయ్యి కాలిపోయిందని కూడా చేర్చారు.

అన్నిటికంటే పెద్దది సీలు కథ. ఆ కారు ఇంజను చచ్చినా చెడిపోదట. తెరిచి చూడాల్సిన పనే ఉండదు గనుక కంపెనీవాళ్ళు లండన్‌లోనే బానెట్‌కు సీలు వేసి పంపుతారట. కంపెనీ మనిషి తప్ప వేరేవాడు ఆ సీలు పగలగొడితే ఇంజను ఆ క్షణమే ప్రాణం వదులుతుందట, సంగతి లండన్‌లో తెలిసిపోతుందట. ఎట్లా తెలుస్తుందయ్యా అని అడిగిన పుణ్యాత్ముడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

డెబ్బై ఎనిమిదిలో ఒక పెళ్ళి ఊరేగింపులో దొరకారు పొగలు కక్కి ఆగిపోయింది. అప్పటికి ఊళ్ళో పేరున్న మెకానిక్ జానీయే. పిలిచారు. ఆయన వచ్చీ రాగానే సీలు పగలగొట్టి బానెట్ తెరిచాడు. చాలాసేపు ఏదో చేశాడు. ఎడ్లను కట్టి కారును గోడౌనుకు లాగించాడు. మర్నాడు పెద్దషావుకారు స్టార్టు చేయబోతే కారు పలకలేదు. ఆ తర్వాత ఎన్నడూ పలకలేదు. కొన్నాళ్ళకు బానెట్ మీద మళ్ళీ ఎర్రటి సీలు కనిపించింది. లండన్ మనిషి వచ్చి, చచ్చిన ఇంజనును చూసి తల పట్టుకుని, సీలు వేసి వెళ్ళాడని చెప్పుకున్నారు. జానీ చేతికి బండి ఇచ్చేవాళ్ళు లేకపోయారు. ఆయన మాచర్ల పోయి లారీల షెడ్డులో కూలికి చేరాడు. ఏడేళ్ళకు అక్కడే కన్నుమూశాడు.

పోయేముందు కొడుకుకు ఒక రేకుపెట్టె అప్పగించాడు. అందులో స్పానర్లతోపాటు ఒక చిన్న గుడ్డమూట ఉంది. మూటలో కుంకుమభరిణ మూతంత గోధుమరంగు ముక్క, దాని నెత్తిన ఇత్తడి రేకు. "ఇది మనది కాదురా. అడిగినోళ్ళకి ఇయ్యి" అన్నాడు జానీ. అడిగేదెవరో చెప్పేలోపే దగ్గుతెర వచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అది రోటర్ అని ఇమాం సాహెబుకు పని నేర్చుకున్నాక తెలిసింది. ఇంజనులోని ప్లగ్గులన్నిటికీ వంతులవారీగా కరెంటు పంచే ముక్క అది. అది లేకపోతే ఎంత మంచి ఇంజనైనా రాయితో సమానం. ఏ బండిదో మాత్రం తేలలేదు. అంబాసిడర్‌కు పెట్టి చూశాడు, ఫియట్‌కు చూశాడు, మిలిటరీ జీపుకు చూశాడు. దేనికీ సరిపోలేదు. దొరకారుదేమో అన్న అనుమానం ఒకసారి రాకపోలేదు. దాని వెనకే, అయితే నాయన దొంగతనం చేశాడా అన్న అనుమానమూ వచ్చింది. రెండోదానికి భయపడి మొదటిదాన్ని కూడా తొక్కిపెట్టి, మూట పెట్టెలోనే ఉంచాడు.

ఈ ఏడు మాఘమాసం ముందు ఒక పొద్దున బాలకోటయ్య మనవరాలు సాయిశ్రీ స్కూటీ మీద షెడ్డుకు వచ్చింది.

"బాబాయ్, తాతయ్య ఒకసారి రమ్మన్నాడు. దొరకారు చూడాల."

ఇమాం సాహెబు చేతులు తుడుచుకుంటూ, "నన్నా? మా నాయన పేరు మీ ఇంట్లో ఎవరికీ గుర్తులేదా ఏంది?" అన్నాడు.

"గుర్తుంది కాబట్టే తాతయ్య మూడు రోజులు ఒప్పుకోలా. నా పెళ్ళికి ఊరేగింపు దొరకారులోనే అని నేను పట్టుబట్టా. హైదరాబాదులో పాతకార్లాయనకి ఫోటోలు పంపిస్తే, సీలు ముట్టుకోమాకండి, అది పోతే కారుకి విలువే లేదన్నాడు. నెట్‌లో చూస్తే అసలట్టా సీలేసే కంపెనీ భూమ్మీదే లేదని ఒకడు, ఉందని నలుగురు. ఎవర్ని నమ్మాలో నాకు తెలవట్లా. మీరు చూసి చెప్పండి."

నలభై ఆరేళ్ళుగా ఇమాం సాహెబు ఆ గోడౌను గేటు ముందు నుంచి పోతూ లోపల ఏముందో చూడాలని ఎంత తహతహలాడాడో, ఇప్పుడు చూడటానికి అంత భయం వేసింది. అయినా రేకుపెట్టెలోంచి మూట తీసి జేబులో వేసుకునే బయల్దేరాడు.

గోడౌనులో మిరపఘాటు ముక్కుపుటాలు అదరగొడుతోంది. బస్తాల వరస వెనక, పరదా కింద దొరకారు ఉంది. పరదా లాగితే నల్లటి ఒళ్ళు, పెద్ద పెద్ద గుండ్రటి దీపాలు. ఇమాం సాహెబు ముందు పక్షిబొమ్మ దగ్గరకు పోయాడు. గోటితో గీరి చూశాడు. పైపూత లేచి లోపల ఇత్తడి కనిపించింది. వెండి కథ అక్కడితో సరి. ఆయనకు నవ్వొచ్చింది గాని బయటపడలేదు.

కుర్చీలో కూర్చున్న బాలకోటయ్య చేతికర్ర ఎత్తి హెచ్చరించాడు. "సాయిబూ, ఏం చేసినా చెయ్యి గాని సీలు జోలికి మాత్రం పోమాక. మీ నాయన చేసిన పని చాలు."

"సీలు తియ్యకుండా ఇంజను ఎట్టా చూడాల షావుకారు గారూ? వాసన చూసి చెప్పమంటారా?"

అన్నాడే గాని నిజంగానే వంగి వాసన చూశాడు. బానెట్ పక్కన గొళ్ళేనికి తాడు చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, ముద్ర గుద్దారు. లక్క వాసన ఏమీ రాలేదు, మిరపఘాటుకు తుమ్మొచ్చింది. తుమ్మి కళ్ళు తుడుచుకునేసరికి తాడు కనిపించింది. వేలితో నలిపి చూశాడు. పక్కనే ఉన్న బస్తా మూతికుట్టు పట్టుకుని దాన్నీ నలిపి చూశాడు.

"అమ్మాయ్, ఫోనులో లైటెయ్యి. ఇది పురికొస. మన బస్తాలు కుట్టే పురికొస. లండనోళ్ళకి తాడు కూడా మన బజార్లోనే దొరికిందా?"

సాయిశ్రీ లైటు పట్టుకుని సీలు మీదికి వంగింది. దుమ్ము ఊదింది. కాసేపు చూసి, ఫోటో తీసి పెద్దది చేసి చూసింది. ఆ పిల్ల గొంతు మారిపోయింది.

"తాతయ్యా, దీని మీద తక్కెడ బొమ్ముంది. కింద మూడు మిరపకాయలు. లండన్లో కార్లు చేసేవాళ్ళు మిరపకాయల గుర్తు పెట్టుకుంటారా?"

బాలకోటయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"షావుకారు గారూ, పాతరోజుల్లో గోడౌను తాళాలకి మీవాళ్ళు లక్కముద్ర వేసేవాళ్ళు గదా. ఆ ముద్ర ఇంట్లో ఉందా?" అని ఇమాం సాహెబు మెల్లగా అడిగాడు.

ముద్ర ఉంది. ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. ప్రతి దీపావళికీ లక్ష్మీపూజలో దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి ఇస్తారు. సాయిశ్రీ పరుగున వెళ్ళి తెచ్చింది. ఏళ్ళ తరబడి పట్టిన పసుపు కుంకుమల కింద దాని ముఖం పూర్తిగా పూడిపోయింది. అంత పూజ చేసిన ఇంట్లో దాని మీద ఏముందో చూసినవాళ్ళు లేరు. గోడౌను పంపు దగ్గర చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బయటపడింది. ఇత్తడి మీద తక్కెడ, కింద మూడు మిరపకాయలు. బాలకోటయ్య తన చేత్తోనే దాన్ని సీలు మీద ఆనించాడు. గుంటలో గుంట, గీతలో గీత కూర్చుంది.

ముసలాయన బస్తా మీద కూలబడ్డాడు.

"పెళ్ళిళ్ళకి కారు అడిగితే నాన్న ఇచ్చేవాడు. డ్రైవర్లు లోపల సామాను మార్చేస్తారని భయం. అందుకని మన ముద్ర వేసుంటాడు. మన ముద్రకి ఎవరు భయపడతారు? లండన్ పేరు చెప్తే భయపడతారు. అట్టా చెప్పి చెప్పి..." అని ఆగాడు. "కంపెనీ మనిషి వచ్చాడన్నారే, ఆ వారం నేనీ ఊళ్ళోనే ఉన్నా. ఎవరూ రాలా. వచ్చాడని నాన్న చెప్పాడు, ఔనేమో అనుకున్నా. ఎప్పుడొచ్చాడు నాన్నా అని ఒక్క ముక్క అడగలా."

"అయితే తెరిచేదా?" అన్నాడు ఇమాం సాహెబు.

"మనం వేసిందే గదా. తెరువు."

లక్క పటుక్కున పగిలింది. గొళ్ళెం మాత్రం మొరాయించింది. నూనె పోసి, సుత్తితో మెల్లగా తట్టి, బానెట్ పైకెత్తేసరికి చాలాసేపు పట్టింది. ఎత్తాక ఇమాం సాహెబు లోపలికి వంగి చూశాడు.

రేడియేటరు కింది కుళాయి విప్పి ఉంది. ఎవరో నీళ్ళన్నీ శుభ్రంగా బయటికి వదిలేశారు. పగిలిన రబ్బరు గొట్టానికి సైకిలు ట్యూబు పీలికలు వరసగా చుట్టి కట్టిన కట్టు ఉంది, ఎండి పెళుసెక్కి. నూనె మరకలు తుడిచిన చోట తుడిచినట్టే ఉంది. కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరుకు ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. రంగు వెలిసి గులాబీరంగులోకి దిగింది గాని, ముడి తనదే. తన షెడ్డులో తను రోజూ వేసే ముడి.

"ఏంది బాబాయ్ ఆ గుడ్డ?" అంది సాయిశ్రీ.

"పని సగంలో ఉంది, స్టార్టు చేయొద్దని." ఇమాం సాహెబు ఆ ముడి మీద వేలు పెట్టి చూపించాడు. "ఇంజను చావలేదమ్మా. నీళ్ళగొట్టం పగిలి వేడెక్కింది, అంతే. మూత తెరవక ఎన్నేళ్ళయిందో, గొట్టం ఎండిపోయి పగిలింది. కొత్త గొట్టం తెచ్చేదాకా ఎవరన్నా నడిపితే నిజంగానే బిగుసుకుపోయేది. అందుకని మా నాయన..."

డిస్ట్రిబ్యూటరు మూత విప్పాడు. లోపల రోటర్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు గాని మూట బయటికి తీయలేకపోయాడు. తీస్తే ఏమనుకుంటారు? సామాను కాజేశాడని అనరా? ఇన్నేళ్ళు చెడగొట్టినవాడి కొడుకు, ఇక దొంగ కొడుకు.

చివరికి తీశాడు. దాచుకుని బతికి విసుగెత్తిపోయింది. అరచేతిలో గుడ్డమూట పెట్టుకుని, "ఇది మా నాయన పెట్టెలో ఉంది షావుకారు గారూ. ఎందుకుందో నాకు చెప్పలా" అన్నాడు.

బాలకోటయ్య ఆ మూట వంక చూశాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "ఆ గుడ్డమూట నేను చూశా. కారు ఆగిన మర్నాడు సాయంత్రం మీ నాయన గేటు దగ్గరికొచ్చాడు. నాన్న లోపలికి రానీయొద్దన్నాడు. మళ్ళీ వచ్చాడు. మూడోసారి కూడా వచ్చాడు. గేటు అవతల నేనే ఉన్నా. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి, 'బాబూ, ఇది తీసుకో, ఇది లేకపోతే బండి లెగవదు' అన్నాడు. నాన్నకి భయపడి నేను తీసుకోలా. పోవయ్యా పో అన్నా. పాతికేళ్ళ వాణ్ణి, చెయ్యి చాపి తీసుకోడానికి నాకు చేతకాలా."

ఇమాం సాహెబు కారు అంచు పట్టుకుని నిలబడ్డాడు. దొంగ కాదు. చెడగొట్టలేదు. మూడుసార్లు వచ్చాడు. ఈ మూడు ముక్కలు తెలియకుండా ఆయన తండ్రిని పాతిపెట్టాడు, తెలియకుండానే ముసలివాడయ్యాడు. కళ్ళ నీళ్ళు ధారలు కట్టాయి. మిరపఘాటు అని చెప్పుకోవచ్చు, చెప్పుకోలేదు.

"అడిగినోళ్ళకి ఇయ్యమన్నాడు," అన్నాడు. "ఎవరూ అడగలా."

బాలకోటయ్య చెయ్యి ముందుకు చాపాడు. "ఇప్పుడు నేను అడుగుతున్నా ఇమామూ. ఇయ్యి."

తర్వాత మూడు వారాలు ఇమాం సాహెబుకు లోకం పట్టలేదు. సిలిండర్లలో నూనె పోసి నానబెట్టాడు. పెట్రోలు ట్యాంకు తోమాడు. కొత్త గొట్టాలు వేశాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు. పాత సైకిలు ట్యూబు కట్టును మాత్రం పారేయకుండా పెట్టెలో దాచాడు. చివర రోటర్ పెట్టి హ్యాండిల్ తిప్పితే నాలుగోసారికి దొరకారు పెద్దగా దగ్గి, నల్లటి పొగ వదిలి, నడిచింది. మెత్తగా గడియారంలా ఉంటుందని ఊరు చెప్పుకున్న చప్పుడు కాస్తా పిండిమరలా ఉంది. ఆయనకు అంతకంటే హాయైన చప్పుడు ఉంటుందనిపించలేదు.

ఊరేగింపు రోజు సాయంత్రం, కొత్త దంపతులతో దొరకారు బయల్దేరింది. స్టీరింగు దగ్గర ఇమాం సాహెబు, పక్కన బాలకోటయ్య. ముందు బ్యాండుమేళం నత్తనడక నడుస్తోంది. ఇంత నెమ్మదిగా పోతే వేడెక్కుద్ది అని ఇమాం సాహెబు ముందే మొత్తుకున్నాడు, పెళ్ళివారిలో వినేదెవరు? సరిగ్గా మల్లమ్మ సెంటరు నడిబొడ్డున కారు ముందునుంచి ఆవిరి లేచింది. ఆయన ఇంజను ఆపేశాడు. మేళం ఆగింది. జనం మూగారు.

గుంపులోంచి ఎవరో నవ్వుతూ, "జానీ చెయ్యి పడిందా ఏంది?" అన్నారు.

ఇమాం సాహెబు తల వంచుకున్నాడు. బాలకోటయ్య తలుపు తీసుకుని దిగాడు.

"పడింది," అన్నాడు గట్టిగా. "ఆ చెయ్యి పడబట్టే ఈ కారు ఇయ్యాళ నడిచింది. ఆ మాటన్నదెవరో ముందుకు రండి, వినండి. ఈ కారుకి లండనోళ్ళ సీలు ఎప్పుడూ లేదు. ఆ సీలు మాది, అబద్ధం మా నాన్నది. నిజం చెప్పడానికి గేటు దాకా వచ్చిన జానీ సాయిబుని మూడోసారి వెళ్ళగొట్టింది నేను. ఈ ఊరు ఇన్నేళ్ళు నవ్వాల్సింది నన్ను చూసి."

అని ముసలాయన తనే బానెట్ గొళ్ళెం లాగి, నలుగురూ చూసేట్టు మూత పైకెత్తాడు. జనం మీదపడి చూశారు. లోపల అద్భుతమేమీ లేదు. ఇనుము, నూనె, వైర్లు. ఒకాయన ఇంతేనా అన్నాడు కూడా, మోసపోయినట్టు. ఇమాం సాహెబు దిగివచ్చి, కాసేపు చల్లారనిచ్చి, మూత తిప్పి రేడియేటరులో నీళ్ళు పోశాడు. ఈసారి తల ఎత్తుకునే ఉన్నాడు. బానెట్ మూశాక ఇంజను మళ్ళీ అందుకోగానే ఎవరో రూపాయి బిళ్ళ తెచ్చి దాని మీద నిలబెట్టారు. నిలబెట్టిన మరుక్షణం అది ఎగిరి రోడ్డు మీద పడింది. పెళ్ళికూతురితో సహా అందరూ పగలబడి నవ్వారు.

అబద్ధం చచ్చిపోయింది గదా అనుకున్నారా? ఈ ఊరి సంగతి మీకు తెలియదు. వారం తిరక్కుండానే టీకొట్ల దగ్గర కొత్త కథ లేచింది. జానీ సాయిబు కారు ప్రాణాన్ని మూటగట్టి కొడుక్కి ఇచ్చి పోయాడట. ఆ వంశం చెయ్యి తగిలితే తప్ప దొరకారు కదలదట.

ఆ కథ పట్టుకుని ఒకావిడ పొన్నూరు నుంచి పాత మిక్సీ ఒకటి సంచిలో వేసుకుని షెడ్డుకు వచ్చింది. "మీ జానీ చెయ్యి పడితే ఎంత పాడైందన్నా బాగవుద్దంట గదన్నా" అంది.

"మేం మిక్సీలు చెయ్యమమ్మా," అన్నాడు ఇమాం సాహెబు. అదంతా ఉత్త కథని, ప్రాణమూ లేదు మహిమా లేదు, పది గ్రాముల రోటర్ ముక్కని చెప్పబోయాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆవిడ ఆ పేరును ఎంత నమ్మకంగా పలికిందో ఇంకొకసారి వినాలనిపించింది.

"ఏమన్నారమ్మా?" అని అడిగాడు.

"జానీ చెయ్యి అంటున్నా అన్నా."

ఆయన మిక్సీ అందుకుని బల్ల మీద పెట్టాడు. పని రేపటిదాకా పడుతుందని చెప్పి, దాని వైరుకు ఎర్రగుడ్డ పీలిక కట్టాడు.